స్టాండర్డ్ హెరాల్డ్ 1/24 మోడల్: ఇంజను భాగాలు చేత్తో చేయడంలో సాయం కావాలి

వెలచ్చేరి, చెన్నై (ప్రశ్న)

అందరికీ నమస్కారం. 1/24 స్కేల్లో, అంటే అసలు కారులో ఇరవై నాలుగో వంతు సైజులో, స్టాండర్డ్ హెరాల్డ్ కారు మోడల్ కడుతున్నాను. బాడీ త్రీడీ ప్రింట్ చేయించాను, చాసిస్ ప్లాస్టిక్ షీటుతో నేనే చేశాను. ఈ కారు బానెట్ మడ్‌గార్డులతో సహా మొత్తం ముందుకు వాలుతుంది కదా, ఇంజను దాచే వీలే లేదు. బ్లాకు, హెడ్డు, ఇంజను పైమూత అయిన రాకర్ కవరు వరకు బాగానే వచ్చాయి. అక్కణ్నుంచి పని ముందుకు సాగట్లేదు. స్పార్క్ ప్లగ్ వైర్లకి రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో దొరికిన సన్నటి నల్ల వైరు పెడితే మరీ లావుగా కనిపిస్తున్నాయి. కార్బ్యురేటర్ ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు. పైగా సూపర్ గ్లూ పెట్టిన చోటల్లా మర్నాటికి తెల్లగా బూజు పట్టినట్టు వస్తోంది. దిగుమతి సామాను కొనే స్తోమత లేదు. మన ఊళ్ళో దొరికేవాటితో అయ్యే దారి చెప్పండి.

పెరంబూరు, చెన్నై

తమ్ముడూ, హెరాల్డ్ ఎంచుకున్నావంటేనే సంతోషంగా ఉంది. 1961 నుంచి మన మద్రాసులో తయారైన బండి. దాన్ని మద్రాసులోనే చిన్నగా మళ్ళీ కడుతున్నావు.

నీ మొదటి సమస్యకి కారణం ఒక్కటే. ఏ భాగమైనా ముందు అసలు కొలత తీసుకుని 24తో భాగించు, సామాను కొనడం ఆ తర్వాత. చేతికి దొరికిన వైరుతో మొదలుపెడితే ఎంత నైపుణ్యం ఉన్నా కన్ను ఒప్పుకోదు. నువ్వు వాడింది వైర్ రాపింగ్ వైరు అనుకుంటాను. తొడుగుతో కలిపి అర మిల్లీమీటరు ఉంటుంది. అసలు కారులో అది 12 మి.మీ. లావు వైరుతో సమానం. నిజం వైరు 7 మి.మీ. అంటే నీకు కావాల్సింది 0.29.

మోటార్ వైండింగ్ చేసే షాపుకి వెళ్ళి 34 గేజి ఎనామెల్ రాగి తీగ అడుగు. రెండు మూరలు చాలు, చాలాచోట్ల తెగిన ముక్కలు ఊరికే ఇస్తారు. రాగి 0.23 మి.మీ., ఎనామెల్‌తో 0.26 దాకా వస్తుంది. పైన ఒక పూత నల్ల రంగు పడితే కొలతకి చేరుతుంది. ఒక జాగ్రత్త: షాపువాళ్ళు గేజి అంటే ఎస్‌డబ్ల్యూజీ, అంటే బ్రిటిష్ లెక్క. ఆన్‌లైన్‌లో అమెరికన్ లెక్క ఏడబ్ల్యూజీ 34 అని కొంటే అది 0.16 మాత్రమే.

నీ దగ్గరున్న పాత వైరు పారేయకు. దాని తొడుగు మిల్లీమీటరు ముక్కలుగా ఒలిచి, రాగి తీగ చివర ఎనామెల్ కాస్త గీకి ఎక్కించు. బిగువుగా కూర్చుంటుంది. ప్లగ్ మీద ఉండే టోపీ అదే.

ప్లగ్‌లకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూతకి 2.5 మి.మీ. స్ప్రూ కడ్డీ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం ముక్క) తీసుకో. కడ్డీ పొడుగ్గా ఉన్నప్పుడే చివర మధ్యలో ఒకటి, చుట్టూ నాలుగు రంధ్రాలు పెట్టి, తర్వాత కోసుకో. ముక్క కోశాక రంధ్రాలు పెట్టాలంటే పట్టుకోవడానికి ఏమీ మిగలదు. వైర్లు వరసగా 1, 2, 3, 4 అని కలపొద్దు. ఈ ఇంజను ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు వరసగా మండే క్రమం, 1-3-4-2, ఒకటో సిలిండరు రేడియేటర్ వైపుది. మూత చుట్టూ తిరిగే క్రమం అదే. తెలిసినవాడు బానెట్ ఎత్తగానే ముందు చూసేది అక్కడే.

జయనగర, బెంగళూరు

కార్బ్యురేటర్ కూడా రెసిన్ ప్రింట్ చేయించేయొచ్చు కదా అన్నా? ఇక్కడ చేసి ఇచ్చేవాళ్ళు ఉన్నారు. 0.05 మి.మీ. పొరలతో వస్తే గీతలు కూడా కనబడవు. ఇంత చిన్నదానికి చేత్తో కుస్తీ ఎందుకు?

పెరంబూరు, చెన్నై

బాడీ వరకు ప్రింట్ చేస్తే నాకూ అభ్యంతరం లేదు. బ్లాకు, గేర్‌బాక్సు లాంటి దిట్టమైన వాటికి అది మంచి దారే. కానీ కార్బ్యురేటర్‌కి ప్రాణం దాని చుట్టూ ఉండే కడ్డీలు, స్ప్రింగు, పెట్రోల్ గొట్టం. పావు మిల్లీమీటరు రెసిన్ కడ్డీ, ప్రింట్ అయ్యేటప్పుడు ఆసరాగా వచ్చే సపోర్టులు తీసేటప్పుడే విరుగుతుంది. విరక్కుండా నిలిచినా లోహంలా నిటారుగా ఉండదు. అది తీగతోనే చేయాలి. పైగా ప్రింట్ చేయడానికి ముందు ఎవరో ఒకరు కొలిచి గీయాలి. అంత కొలిచినవాడికి చేత్తో చేయడం పెద్ద శ్రమ కాదు.

తమ్ముడూ, ముందు పాత బండ్ల సామాను దొరికే పుదుపేట వెళ్ళు. హెరాల్డ్‌దే దొరకాలని లేదు, ఆ కాలపు సోలెక్స్ కంపెనీ కార్బ్యురేటర్ ఏదైనా ఒకటి చేతిలోకి తీసుకుని తిప్పి చూడు. పెట్రోల్ నిలిచే ఫ్లోట్ చాంబర్ ఎక్కడ, గాలి వెళ్ళే గొంతు ఎక్కడ, యాక్సిలరేటర్ కడ్డీ దేన్ని లాగుతుంది అన్నది చేతికి తెలిస్తే సగం పని అయినట్టే. పక్కన స్టీలు స్కేలు పెట్టి ఫోటో తీసుకో. దగ్గరగా ఫోన్ పెట్టి తీస్తే ముందున్న భాగం పెద్దదిగా వస్తుంది, కొలతలు తప్పుతాయి. రెండు మూడు అడుగులు వెనక్కి జరిగి జూమ్ చేసి తియ్యి.

ఇక కట్టడం. ఫ్లోట్ చాంబర్‌కి పాత ఏటీఎం కార్డు కోసి మూడు పొరలు అతికించు. ఏ బ్యాంకు కార్డైనా 0.76 మి.మీ. మందమే. మూడు పొరలంటే అసలులో 55 మి.మీ. అతికాక అంచులు ఆకురాయితో గుండ్రం చెయ్యి. గొంతుకి 2 మి.మీ. కడ్డీ. దాన్ని లోపల తొలచాల్సిన అవసరం లేదు, పైన ఎయిర్ ఫిల్టర్ కూర్చుంటుంది. ఆ సమయం కింది ఫ్లాంజి (ఇంజనుకి బిగించే పలక) మీద పెట్టు. చాలామంది ఫ్లాంజికి అర మిల్లీమీటరు షీటు వాడతారు. అది 12 మి.మీ. మందం లోహంతో సమానం, మామూలుగా కార్బ్యురేటర్‌కి అంత ఉండదు. ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టర్‌కి వాడే పారదర్శక ప్లాస్టిక్ షీటు) 100 మైక్రాన్లది తెచ్చి రెండు పొరలు అతికిస్తే 0.2 మి.మీ., అంటే 5 మి.మీ. లోపు. ఆ పలచదనం రాగానే మొత్తం భాగం నిజమైనదిగా మారుతుంది. చూస్తే నీకే తెలుస్తుంది.

థ్రాటిల్ కడ్డీకి గిటారు ఒకటో తీగ, 0.009 అంగుళంది. అది 0.23 మి.మీ. ఉక్కు, ఎంత చిన్న ముక్కైనా వంగకుండా నిలబడుతుంది. ఎలక్ట్రానిక్ పనికి వాడే మంచి కట్టర్‌తో కొయ్యొద్దు, పళ్ళు పోతాయి. రిటర్న్ స్ప్రింగుకి పాత చార్జర్ వైరు ఒలిచి అందులో ఒక్క రాగి పోగు తీసి, సన్నటి కుట్టుసూది మీద దగ్గరదగ్గరగా చుట్టి, సూది లాగేయి. రెండు కొసలూ శ్రావణంతో పట్టుకుని కొద్దిగా సాగదీస్తే చుట్ల మధ్య ఖాళీ కనిపిస్తుంది.

పావు అంగుళం పెట్రోల్ పైపుకి 0.26 మి.మీ. కావాలి, అదే 34 గేజి తీగ పనికొస్తుంది. రేడియేటర్ పై హోసుకి 1.6 మి.మీ. సోల్డర్ తీగ బాగుంటుంది, మెత్తగా వంగుతుంది, వంపు దగ్గర నొక్కుకుపోదు. సరిపడా లావు దొరక్కపోతే షావుకారుపేటలో కంసాలి పనిముట్లు అమ్మే చోట కమ్మచ్చు (తీగ లాగి సన్నబరిచే బెజ్జాల పలక) కొనుక్కో. రాగి తీగని కాల్చి మెత్తబరచి, పెద్ద బెజ్జం నుంచి చిన్నదానికి వరసగా లాగితే ఏ కొలతైనా నీ చేతిలోనే ఉంటుంది. మోడల్ పనిముట్లలో దీనికున్నంత విలువ నేను మరి దేనికీ ఇవ్వను.

అంబత్తూరు, చెన్నై

గ్లూ సంగతి నేను చెబుతాను. అది బూజు కాదు. సూపర్ గ్లూ ఆవిరి గాల్లోని తేమతో కలిసి గట్టిపడి చుట్టుపక్కల తెల్లగా దిగుతుంది. చెన్నై తేమకి, అందులోనూ అక్టోబరు నుంచి డిసెంబరు వానల్లో, ఇది మామూలే. అతికించాక డబ్బాలో మూసి పెడుతున్నారేమో చూడండి. ఆవిరి బయటికి పోయే దారి లేక ఇంకా ఎక్కువవుతుంది. సీసాతో నేరుగా పోయకండి, సూది మొనతో చుక్క అందుకుని పెట్టండి. ఆరేదాకా ఫ్యాను గాలి తగలనివ్వండి. ఇప్పటికే తెల్లబడిన చోట్ల పైన సాటిన్ వార్నిష్ ఒక పూత వేస్తే చాలావరకు మాయమవుతుంది.

లోహాన్ని ప్లాస్టిక్‌కి అతికేటప్పుడు రెండు ట్యూబుల ఎపాక్సీ మేలు. ఆలస్యంగా గట్టిపడుతుంది కాబట్టి సరిచేసుకునే వ్యవధి ఉంటుంది, తెల్లదనం రాదు. ఇంకోటి, కిట్ ప్లాస్టిక్‌ని కరిగించి అతికే సిమెంటు ఏటీఎం కార్డు మీద, రెసిన్ ప్రింట్ మీద నమ్మకంగా పట్టదు. అక్కడ ఎపాక్సీయో సూపర్ గ్లూయో వాడాల్సిందే.

వెలచ్చేరి, చెన్నై

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. 34 గేజి తీగ తెచ్చి రెండు వైర్లు పెట్టి చూశాను, తేడా స్పష్టంగా తెలుస్తోంది. ఇంకో రెండు సందేహాలు అన్నా. డిస్ట్రిబ్యూటర్ మూతలో రంధ్రాలు పెడుతుంటే 0.3 మి.మీ. డ్రిల్ బిట్ విరిగిపోతోంది. రాకర్ కవర్ మీద నట్లకి, వాటర్ పంపు మీద బోల్టులకి ఆరు పలకలు తప్పనిసరా?

పెరంబూరు, చెన్నై

నీ బిట్ పీసీబీలకి (ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డులకి) వాడే కార్బైడ్‌ది అయ్యుంటుంది. గట్టిదే కానీ రవ్వంత పక్కకి ఒరిగినా పుటుక్కుమంటుంది. హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీలు) బిట్ తీసుకో, కొద్దిగా వంగి ఓర్చుకుంటుంది. మోటారు వాడకు, వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్‌ని పట్టేస్తుంది. సూదితో ముందు గుంట పెట్టి, పిన్ వైస్‌ని (సన్నటి బిట్ పట్టుకునే చేతి పిడిని) వేళ్ళతో తిప్పు. నాలుగు చుట్లకోసారి బయటికి తీసి పొట్టు తుడువు.

బోల్టు తల అసలులో అర అంగుళం, నీకు 0.53 మి.మీ. అంత చిన్నదానికి పలకలు కంటికి ఆనవు. గుండ్రటి కడ్డీని సాగదీసి పలచటి బిళ్ళలు కోసి పెట్టు, చాలు. అన్నీ ఒకే ఎత్తులో, ఒకే ఎడంలో ఉండటమే ముఖ్యం. ముందు పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకో. స్పార్క్ ప్లగ్ షట్కోణం మాత్రం 0.87 మి.మీ. వస్తుంది, నాలుగూ వరసగా కనిపిస్తాయి. దానికి ఆరు పలకలూ ఆకురాయితో తీయాల్సిందే.

రంగులన్నీ అయ్యాకే ప్లగ్ వైర్లు పెట్టు. ఎయిర్ ఫిల్టర్ అతికించే ముందు ఇంజను చాసిస్‌లో కూర్చోబెట్టి బానెట్ ఒకసారి మూసి చూసుకో. ప్రింట్ బాడీ గోడలు అసలు రేకు కంటే మందం కాబట్టి లోపల చోటు తగ్గుతుంది. తగిలేట్టుంటే ఫిల్టర్ తగ్గించొద్దు, బానెట్‌ని లోపలి వైపు నుంచి గీకి పలచన చెయ్యి.