కెమెరా ముందుకు రావడం ఇష్టం లేని డీజేలకు సోషల్ మీడియా తప్పనిసరేనా?

ప్రశ్న

నేను చిన్న క్లబ్బుల్లో హౌస్, టెక్నో వంటి ఎలక్ట్రానిక్ నృత్య సంగీతం వాయించే డీజేని. సొంతంగా ట్రాక్‌లు కూడా చేస్తాను. గంటల తరబడి సెట్ వాయించడానికి నాకు ఏ బెరుకూ లేదు, ఎందుకంటే అక్కడ నా చేతులకు పని ఉంటుంది, జనం ధ్యాస సంగీతం మీద ఉంటుంది. కెమెరా వైపు చూస్తూ రీల్ కోసం మాట్లాడవలసి వస్తే మాత్రం ఆ రోజంతా మరే పని మీదా మనసు నిలవదు. ఈ మధ్య కార్యక్రమాలు కుదిర్చేవారు డెమో మిక్స్ వినకముందే ఇన్‌స్టాగ్రామ్‌లో ఫాలోవర్లు ఎంతమంది అని అడుగుతున్నారు. అంతర్ముఖులైన సంగీతకారులు ఈ ఒత్తిడిని ఎలా నెట్టుకొస్తున్నారో, "అలవాటైపోతుందిలే" అన్న సలహా కాకుండా, చెప్పగలరా?

జవాబు 1

మీకున్నది వేదిక భయం కాదు. వేదికకు ఒక ముగింపు ఉంటుంది. సెట్ అయిపోయాక ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయినా తప్పుపట్టేవారు ఉండరు. పోస్టుకు ఆ ముగింపు లేదు. పెట్టిన దగ్గర నుంచి ఎవరు చూశారు, ఎవరికి బదులివ్వాలి అన్న ఆలోచన వెంటాడుతూనే ఉంటుంది. పేరున్నవారికీ ఇది తప్పడం లేదు: టిక్‌టాక్‌లో వైరల్ అయ్యే సందడి సృష్టిస్తే తప్ప తన పాటను విడుదల చేయనివ్వబోమని రికార్డు సంస్థ అంటోందని గాయని హాల్సీ 2022 మే నెలలో బహిరంగంగానే చెప్పారు. ఆ ఫిర్యాదు కూడా టిక్‌టాక్‌లోనే వైరల్ కావడం వేరే విడ్డూరం.

నేను చేసేది ఇది. ముఖం చూపించను, మిక్సర్ మీద చేతులు కనబడేలా పైనుంచి తీసిన క్లిప్పులను, ఒక ట్రాక్ మరొకదానిలో కలిసే ఘట్టాలను మాత్రమే పెడతాను. వాటిని ఒకేసారి సిద్ధం చేసి, వాటంతట అవే వెలువడేలా తేదీలు పెట్టి, ఫోన్‌లోంచి యాప్ తీసేస్తాను. పూర్తి మిక్స్‌లు మిక్స్‌క్లౌడ్‌లో, సొంత ట్రాక్‌లు బ్యాండ్‌క్యాంప్‌లో ఉంచుతాను. బ్యాండ్‌క్యాంప్‌లో మనల్ని అనుసరించే శ్రోతలకు నేరుగా సందేశం పంపవచ్చు కనుక, అల్గారిదమ్ దయ కోసం ఎదురుచూడనక్కరలేదు.

జవాబు 2

ముఖం దాచుకోవడమే పరిష్కారమని మాత్రం అనుకోకండి. బరియల్ అన్న పేరుతో సంగీతం చేసిన లండన్ కళాకారుడు తానెవరో చెప్పకుండానే ఉన్నారు. కానీ 2007 నాటి ఆయన ఆల్బమ్ మరుసటి ఏడాది, బ్రిటన్‌లో ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చే మెర్క్యురీ బహుమతి తుది జాబితాలోకి రాగానే పత్రికలు ఆయన ఎవరో తేల్చడానికి వెంటపడ్డాయి, చివరికి ఆయనే 2008 ఆగస్టులో తన పేరు బయటపెట్టవలసి వచ్చింది. ముఖాలు కనబడకుండా హెల్మెట్లు పెట్టుకున్న ఫ్రెంచి సంగీత ద్వయం డాఫ్ట్ పంక్ విషయానికొస్తే, ఆ హెల్మెట్లు ముఖాన్ని మించిన ప్రచారం. పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ 1964లో కచేరీలు మానేసి స్టూడియోకే పరిమితమయ్యారు గానీ, అప్పటికే ఆయనకు పెద్ద పేరూ, రికార్డు సంస్థ అండా ఉన్నాయి. మీకూ నాకూ ఆ వెసులుబాటు లేదు.

జవాబు 3

నేను ఒక చిన్న వేదికకు కళాకారులను కుదుర్చుతాను కాబట్టి అవతలి వైపు సంగతి చెబుతాను. ఫాలోవర్ల సంఖ్య అడగడం ఒకరకంగా బద్ధకమే. మేము తెలుసుకోవాలనుకునేది ఆ రాత్రి టికెట్లు అమ్ముడవుతాయా లేదా అన్నదే. ఫాలోవర్లు ఎక్కడెక్కడో ఉంటారు, మా గది ఒక్క చోటే ఉంటుంది. అందుకే ఇంతకుముందు వాయించిన చోట ఎంతమంది వచ్చారో, అక్కడి నిర్వాహకులు ఏమంటారో చెప్పగలిగితే, దానితో పాటు జనం ముందు వాయించిన సెట్ రికార్డింగ్ ఒకటి ఇస్తే, నాకు చాలు.

మీలాంటివారు రెసిడెన్సీ అడగడం మంచిది. ఒకే వేదికలో క్రమం తప్పకుండా వాయిస్తే జనం ఆ రాత్రి కోసం వస్తారు, ప్రచార భారం వేదిక మోస్తుంది. ఒప్పుకునే ముందే ఎన్ని పోస్టులు పెట్టాలి, వీడియో ఎవరు తీస్తారు అన్నది ఒప్పందంలో రాయించుకోండి. బెర్లిన్‌లోని బెర్గ్‌హైన్ క్లబ్బులో లోపలికి వచ్చేవారి ఫోన్ కెమెరాల మీద స్టిక్కర్లు అంటిస్తారు. అంత కాకపోయినా, డీజే వాయించే బూత్ దగ్గర చిత్రీకరణ వద్దని మీరు కోరవచ్చు.

ప్రశ్న అడిగినవారు

రెసిడెన్సీ మాట నాకు తట్టనే లేదు. మీరన్న రికార్డింగ్‌ను మిక్సర్ నుంచే నేరుగా తీసుకుంటే సరిపోతుందా?

జవాబు 3

మిక్సర్ రికార్డు అవుట్‌కు చిన్న రికార్డర్ తగిలిస్తే సంగీతం శుభ్రంగా వస్తుంది, కానీ జనం స్పందన అందులో వినబడదు. గదిలో మరో మైకు పెట్టి రెండింటినీ కలపండి. కేకలు ఎక్కడ లేచాయో అన్నదే నేను ముందు వింటాను.