కర్ణాటక సంగీతం వచ్చు, గిటార్ కార్డ్స్ మాత్రం అర్థం కావడం లేదు. ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిపోయాను

కొర్లగుంట గాత్రం:
అందరికీ నమస్తే. మాది తిరుపతి. చిన్నప్పుడు ఆరేళ్లు గాత్రం నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చి ఇంటర్‌లో ఆపేశాను. నాలుగు నెలల కిందట గిటార్ కొనుక్కుని వీడియోలు చూసి నేర్చుకుంటా ఉన్నాను. సి, జి, డి, ఎ మైనర్, ఇ మైనర్ వస్తాయి. ఎఫ్ మాత్రం నెల రోజులుగా రోజూ అరగంట కూర్చున్నా రావడం లేదు. చూపుడు వేలు ఆరు తీగల మీద పరిచి ఎంత నొక్కినా మూడు తీగలు టక్ టక్ అంటాయి తప్ప మోగవు, మణికట్టు లాగేస్తుంది. కొన్న షాపులో అడిగితే ఆడవాళ్ల వేళ్లు చిన్నవి, మీకు కష్టమే అన్నారు. ఇంటికొచ్చి ఏడ్చినంత పని చేశాను.

అంతకంటే పెద్ద సమస్య, అసలు కార్డ్ అంటే ఏంటో తెలియకపోవడం. శంకరాభరణం పాడమంటే పాడతాను, కానీ సి ఉన్న పాటలో ఎఫ్, జి మేజర్ అయినప్పుడు డి మాత్రం మైనర్ ఎందుకవుతుంది? ఎక్కడ చూసినా వేళ్ల బొమ్మలిచ్చి బట్టీ పట్టమంటారు. మా వీధి శనివారం భజనలో మోహనంలో ఒక పాట పాడతాం, దానికి వాయించాలని నా ఆశ. దానికి కార్డ్స్ ఎక్కడా దొరకలేదు.

చిత్తూరు తీగలు:
అక్కా, ఆ షాపు మాట ముందు మర్చిపోండి. పదేళ్ల పిల్లలు ఎఫ్ పట్టుకోవడం నేను చూస్తానే ఉంటా. నా దగ్గరికి రిపేరుకొచ్చే కొత్త గిటార్లలో చాలావాటికి నట్ దగ్గరే లోపం, అంటే మెడ చివర తీగలు కూర్చునే ఆ తెల్ల పట్టీ దగ్గర. దాని గాళ్లు లోతు చాలకపోతే తీగ ఎత్తులో ఉంటుంది, ఎఫ్ పట్టేది సరిగ్గా దాని పక్క ఫ్రెట్‌లోనే (కమ్మీల మధ్య గడిలోనే) కదా. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కి పట్టుకుని, మొదటి ఫ్రెట్ కమ్మీకీ తీగకీ మధ్య సందు చూడండి. పల్చటి కాగితం దూరేంత ఉంటే చాలు. అంతకంటే బాగా ఎక్కువుంటే గాళ్లు లోతు చేయించాలి. మీరే ఆకురాయి పెట్టి గీకొద్దు, ఎక్కువ అరిగితే తీగ గరగరమంటుంది, నట్టే మార్చాల్సొస్తుంది. తీగలు 12 సైజువి ఉంటే, ఇంకా సన్నవి, 10 సైజు సెట్ వేయించుకోండి.

ఇంకో మాట, ఆరు తీగలూ చూపుడు వేలే నొక్కాలని లేదు. ఎఫ్‌లో మధ్య మూడు తీగల్ని మిగతా వేళ్లు ఎలాగూ నొక్కుతాయి, చూపుడు వేలికి మిగిలేది లావు తీగ, కింది రెండు సన్న తీగలు మాత్రమే. వేలిని కొంచెం పక్కకి ఒరిగించి ఎముక వైపుతో నొక్కండి. ముందు ఇదే ఆకారం అయిదో ఫ్రెట్ దగ్గర పట్టి చూడండి, అక్కడ తీగ మెత్తగా ఉంటుంది.

లీలామహల్ వయొలిన్:
నేను ఇక్కడి ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ చదివి తర్వాత గిటార్ పట్టుకున్నాను, మీ సందేహమే నాకూ రెండేళ్లుండింది. కార్డ్ అంటే ఒకేసారి మోగించే స్వరాలే, అవి మీకు ముందే వచ్చండీ. సి ని స అనుకుని, శంకరాభరణంలో ఒక స్వరం తీసుకుని, ఒకటి వదిలి ఇంకోటి, మళ్లీ ఒకటి వదిలి ఇంకోటి. స-గ-ప, అదే సి. మ-ద-స ఎఫ్. ప-ని-రి జి. ఈ మూడింట్లో ఏడు స్వరాలూ వచ్చేశాయి చూడండి, అందుకే అన్ని పాటల్లో ఇవే తిరుగుతుంటాయి.

ఇక డి మైనర్, అంటే రి-మ-ద. సన్న తీగ వైపు నుంచి రెండో తీగ మీద లెక్కపెట్టండి: స మొదటి ఫ్రెట్, గ అయిదు, ప ఎనిమిది. నాలుగు ఫ్రెట్లు, తర్వాత మూడు, ఇది మేజర్. అదే రి మూడు, మ ఆరు, ద పది. ముందు మూడు, తర్వాత నాలుగు, ఇది మైనర్. గ్రహభేదం నేర్చుకున్నారు కదా, రి ని షడ్జం చేసుకుంటే మ దానికి సాధారణ గాంధారం (చిన్న గ) అవుతుంది, అంతే. మొండిగా డి మేజర్ వాయిస్తే అందులో ప్రతిమధ్యమం (పెద్ద మ) వచ్చి మీ శంకరాభరణం కల్యాణిలోకి పోతుంది. ఈ సంగతి నాకు తెలిసిన రోజు నిద్ర పట్టలేదు నిజంగా.

మోహనంలో మ, ని లేవు కాబట్టి ఎఫ్, జి రెండూ బయటి స్వరం తెస్తాయి. పూర్తిగా రాగంలో ఉండేవి స-గ-ప, ద-స-గ, అంటే సి, ఎ మైనర్. జి కావాలనిపించిన చోట ని బదులు స వేసి ప-స-రి పట్టండి, దాన్ని జి సస్ ఫోర్ అంటారు.

మదనపల్లె నుంచి:
పైన చెప్పింది సరైనదే, కానీ ప్రతి స్వరానికీ కార్డ్ మార్చకండి, పాట ఊపిరాడక చస్తుంది. ఆది తాళమైతే సమం, అంటే మొదటి అక్షరం మీద ఒకటి, ద్రుతం మొదలయ్యే అయిదో అక్షరం మీద ఇంకోటి, చాలు. స్వరాన్ని ఊపుతూ గమకం లాగే చోట చెయ్యి ఆపేయండి. తోడి లాంటి రాగాలకు నేనైతే స-ప తప్ప ఏమీ వేయను. అలాగని పాశ్చాత్యం తగిలితే మన పాట చెడిపోతుందని నేననను. ఠాగూర్ 1919లో మా ఊరి థియసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు, ఇప్పుడు మనం పాడే జాతీయ గీతానికి స్వరాలు రాసిపెట్టింది మార్గరెట్ కజిన్స్ అనే ఐరిష్ ఆవిడ.

మీ శ్రుతి ఎంత? అయిదున్నర (జి కంటే ఒక ఫ్రెట్ పైన) అయితే కేపో, అంటే తీగలన్నీ ఒకేసారి నొక్కి ఉంచే క్లిప్పు, మొదటి ఫ్రెట్‌కి బిగించి జి నే స అనుకోండి. మోహనానికి జి, ఇ మైనర్, డి సస్ ఫోర్ సరిపోతాయి. శనివారానికి ఎఫ్‌తో పనే లేదు.

కొర్లగుంట గాత్రం:
నాది అయిదున్నరే! కాగితం మడత మీద మడత పెట్టి దూర్చినా దూరింది అన్నా, సోమవారం నట్ చూపిస్తాను. రాత్రి జి, ఇ మైనర్‌తో పాడాను, ఇ మైనర్ పడిన చోట అమ్మ వంటింట్లోంచి వచ్చి మళ్లీ వాయించు అంది. ఆ ఊపులో మంగళం పాడే మధ్యమావతికి కూడా లెక్కేశాను, ని-రి-మ, ప-ని-రి రెండే దొరికాయి. గాంధారం లేదు కాబట్టి స మీద కార్డే రావడం లేదు. మంగళం ముగింపులో ఏం పట్టాలి?

లీలామహల్ వయొలిన్:
స-మ-ప. మీరు జి ని స అనుకుంటున్నారు కాబట్టి అది పైన చెప్పిన జి సస్ ఫోరే. లావు తీగ మూడో ఫ్రెట్, అయిదో తీగ మోగకుండా ఆపాలి, నాలుగు, మూడు తీగలు ఖాళీ, రెండోది మొదటి ఫ్రెట్, చివరిది మూడో ఫ్రెట్.