చెక్ ఇంజన్ లైటు, పెట్రోల్ వాసన: క్యానిస్టర్ మార్చాల్సిందేనా?

ప్రశ్న (హన్మకొండ): అన్నా, నా పెట్రోల్ కారులో వారం నుంచి చెక్ ఇంజన్ లైటు వెలుగుతోంది. స్కానర్ పెడితే పీ0455 అనే కోడ్ వచ్చింది. పొద్దున్నే బండి వెనకాల నిలబడితే పెట్రోల్ వాసన. మెకానిక్‌కు చూపిస్తే క్యానిస్టర్ మార్చాలన్నారు. రేటు విన్నాక ఒకటే టెన్షన్.

జవాబు (కాజీపేట): తమ్ముడూ, పెట్రోల్ ఆవిరి పెద్దగా లీకవుతోందనే ఆ కోడ్ చెప్తుంది, ఎక్కడన్నది చెప్పదు. అప్పుడే క్యానిస్టర్ కొనకు. ట్యాంకులో లేచిన ఆవిరిని క్యానిస్టర్ అనే డబ్బాలోని బొగ్గు పట్టి ఉంచుతుంది. ఇంజన్ నడుస్తుంటే పర్జ్ వాల్వ్ తెరుచుకుని ఆ ఆవిరి ఇంజన్‌లోకి పోయి కాలిపోతుంది.

ముందు ట్యాంకు మూత చూడు. దాని రబ్బరు రింగు మన ఎండలకు గట్టిపడి పగులుతుంది. తర్వాత పర్జ్ వాల్వ్. ఇంజన్ ఐడిల్‌లో పెట్టి, వాల్వ్ కనెక్టర్ ఊడదీసి, క్యానిస్టర్ వైపు పైపు తీసి వాల్వ్ మూతికి వేలు ఆనించు. అది వేలిని లోపలికి లాగకూడదు. లాగితే వాల్వ్ మూసుకోవట్లేదని అర్థం. అలాంటి బండ్లు పెట్రోల్ కొట్టించిన వెంటనే స్టార్ట్ కాక సతాయిస్తాయి కూడా. కనెక్టర్ తీసినందుకు ఇంకో కోడ్ పడితే కంగారుపడకు.

ప్రశ్న: మూత బాగుంది, వేలు లాగట్లేదు. టైర్ల షాపులో ఆ పైపుల్లోకి గాలి కొట్టించి లీకు చూడనా?

జవాబు: అస్సలొద్దు! ఆ ప్రెషర్‌కు ట్యాంకు సెన్సరు, పైపులు దెబ్బతింటాయి. స్మోక్ మెషీన్ ఉన్న షాపుకు వెళ్లు. ఒక పీఎస్‌ఐ లోపు ప్రెషర్‌తోనే పొగ పంపిస్తారు, లీకున్న చోట బయటికొస్తుంది. అక్కడ బీడీ, సిగరెట్ ఎవరినీ కాల్చనీయకు.

మరొకరు (నర్సంపేట): వడ్ల బస్తాల పక్కన బండి పెడతారా? మా ఇంట్లో ఎలుకలు క్యానిస్టర్ పైపే కొరికాయి.

ప్రశ్న: అన్నా, దొరికింది! క్యానిస్టర్ మీదున్న రబ్బరు పైపుకు ఎలుక పళ్ల గాట్లు, పొగంతా అక్కడి నుంచే. పైపు మారిస్తే వాసన పోయింది, లైటు మాత్రం ఆరలేదు.

జవాబు: స్కానర్‌తో కోడ్ తీసేయించు. బండి తన లీకు టెస్టు తానే చేసుకోవాలంటే రాత్రంతా చల్లారాలి, ట్యాంకు నిండుగానూ ఉండొద్దు, అడుగంటనూ వద్దు. సగం దగ్గర పెట్టి నాలుగు రోజులు తిప్పు. బంకులో నాజిల్ క్లిక్‌మన్నాక ఇంకొంచెం కొట్టించడం మాత్రం మానెయ్. ఆ ఎక్కువైన పెట్రోల్ క్యానిస్టర్‌లోకి పోయి బొగ్గు తడిస్తే, అప్పుడు నిజంగానే మార్చాలి.