షాబ్లీ, వోల్నే సీసాలపై ద్రాక్ష పేరు ఎందుకు లేదు?

ప్రశ్న: కందుకూరు రైతు

మా అల్లుడుగారు ఫ్రాన్స్ నుంచి వస్తూ రెండు వైన్ సీసాలు తెచ్చారు. తెల్లదానిపై ‘షాబ్లీ’ అనీ, ఎర్రదానిపై ‘వోల్నే’ అనీ ఉన్నది. నాసిక్ సీసాలపై ద్రాక్ష రకం పెద్ద అక్షరాలతో కనిపిస్తుంది. వీటిపై ఎంత వెతికినా లేదు. మూడు తరాలుగా పొగాకు పండిస్తున్న కుటుంబం మాది కనుక ఆకును చేత్తో తడిమి నాణ్యత చెప్పగలను గానీ, ఈ సీసాలను ఏ కొలతతో చూడాలో తెలియడం లేదు. వీటిని పండించిన రైతు ఎవరో సీసా చూసి తెలుసుకోవచ్చునా? ఆదివారం నెల్లూరు నుంచి వియ్యంకులవారు వస్తున్నారు. చేపల పులుసుతో వీటిని వడ్డించవచ్చునా?

జవాబు: ఒంగోలు నుంచి ఒక పాఠకుడు

మీకు తెలిసిన దారిలోనే వెళదాం. ఒకే విత్తనం నల్లరేగడిలో ఒక రకం ఆకునూ, తేలిక నేలలో మరొక రకం ఆకునూ ఇస్తుందని మన జిల్లాలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మీ రెండు సీసాలూ వచ్చిన ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు రైతులు ఆ మాటనే చట్టంగా మార్చుకున్నారు. అక్కడ ఊరి పేరు చెబితే ద్రాక్ష పేరు చెప్పినట్లే: షాబ్లీ అంటే షార్డొనే ద్రాక్షతో చేసిన తెల్ల వైన్, వోల్నే అంటే పినో నువార్‌తో చేసిన ఎర్ర వైన్. ఫలానా ఊరి పేరు వాడుకోవాలంటే ఏ ద్రాక్ష వేయాలో, ఎకరాకు ఎంతకు మించి దిగుబడి తీయరాదో నిర్ణయించే విధానం 1935లో దేశవ్యాప్తంగా అమలులోకి వచ్చింది. ద్రాక్ష పేరును సీసాపై వేసే అల్సాస్ ప్రాంతం ఇందుకు పేరున్న మినహాయింపు.

ఆ చట్టం వెనుక రైతుల పోరాటం ఉన్నది. అంతకు ముందు చాలామంది రైతులు తమ పంటను వర్తక సంస్థలకు అమ్ముకునేవారు. ఆ వర్తకులలో కొందరు దక్షిణ ఫ్రాన్స్ చౌక వైన్ కలిపి, పేరున్న ఊళ్ల చీటీ అంటించి అమ్మేవారు. వోల్నేకు చెందిన మార్కీ దాంజెర్విల్, న్యుయీ-సాన్-జార్జ్‌కు చెందిన ఆంరి గూజ్ వంటివారు ఆ మోసాన్ని బహిరంగంగా ఎదిరించి, తమ వైన్‌ను తామే సీసాల్లో నింపి అమ్మడం మొదలుపెట్టారు. కనుక మీ చీటీ అడుగున ‘మి జాన్ బుతెయ్ ఓ దొమేన్’ అన్న మాట ఉన్నదేమో చూడండి. తోట ఉన్న కమతంలోనే సీసా నింపారని దాని అర్థం. రైతును వెతకవలసింది ఆ వరుసలోనే. వర్తక సంస్థలన్నీ చెడ్డవని నేను అనడం లేదు, వాటిలోనూ గొప్పవి ఉన్నాయి.

రైతు పేరుకు అంత విలువ ఎందుకంటే, తోటలు అక్కడ చాలా చిన్న ముక్కలుగా చీలిపోయాయి. మధ్యయుగంలో సిస్టర్షియన్ శాఖ క్రైస్తవ సన్యాసులు గోడ కట్టి సాగు చేసిన క్లో ద వూజో తోట దాదాపు 50 హెక్టార్లు. ఫ్రెంచి విప్లవకాలంలో మఠాల భూములను స్వాధీనం చేసుకుని వేలం వేశారు. 1804 నాటి పౌరస్మృతి పిల్లలందరికీ సమాన వాటా ఇచ్చింది. ఈ రోజు ఆ ఒక్క తోటకు సుమారు 80 మంది యజమానులు. గోడ ఒకటే, పేరు ఒకటే. ఒకరు కొమ్మలు కత్తిరించి గెలలు తగ్గించి పండిస్తే మరొకరు దిగుబడికి ఆశపడతారు. అక్కడ తోట పేరు సగం మాత్రమే చెబుతుంది.

జవాబు: నెల్లూరు, విశ్రాంత రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు

నేలను బట్టి పంట మారుతుందన్న పై జవాబుకు ఒక చిన్న హెచ్చరిక. షాబ్లీ సున్నపు నేల కొండలలో 15 కోట్ల ఏళ్ల నాటి చిన్న ఆల్చిప్పల శిలాజాలు ఉన్నాయి. అయితే ఆ సున్నం రుచి వేరు ద్వారా నేరుగా పండులోకి ఎక్కుతుందని అనుకోకూడదు. నేల చేసే పని నీటిని ఎంత నిలుపుకోవాలో, ఎంత వదలాలో నిర్ణయించడం. షాబ్లీలోని పదునైన పులుపుకు మూలం చల్లని వాతావరణం. ఆ చలే రైతుకు శత్రువు కూడా: ఏప్రిల్ రాత్రులలో లేత చిగుళ్లు మంచుకు మాడిపోకుండా తోటల్లో దీపపు కుంపట్లు వెలిగిస్తారు, లేదా నీళ్లు చిమ్మి చిగురు చుట్టూ మంచు పొర కట్టేలా చేస్తారు. 2021 ఏప్రిల్‌లో ఆ ఏర్పాట్లు ఉన్నా ఫ్రాన్స్ అంతటా పంట బాగా దెబ్బతిన్నది.

తెలుపుకూ ఎరుపుకూ తేడా తొక్కలోనే ఉన్నది. తెల్ల వైన్‌కు ముందు రసం పిండి, ఆ తరువాత పులియబెడతారు. ఎర్రదానికి తొక్కలతో కలిపి పులియబెడతారు కనుక రంగుతో పాటు వగరూ దిగుతుంది. పినో నువార్ తొక్క పలుచనిది, అందువల్ల వోల్నేలో ఆ వగరు నెమ్మదిగా ఉంటుంది.

జవాబు: మైపాడు వైపు గృహిణి

అన్నగారూ, పులుసుతో వద్దు. చింతపండు, మామిడికాయ, మిరపకారం కలిసిన మన పులుసు ముందు ఏ షాబ్లీ అయినా నీళ్లలా తేలిపోతుంది, ఎర్ర వైన్ వగరు కారాన్ని ఇంకా మండిస్తుంది. మిరియాలు మాత్రమే వేసి నిమ్మకాయ పిండిన రొయ్యల వేపుడుతో షాబ్లీని ఇవ్వండి. పులుసును మరుసటి రోజుకు దాచుకోండి, ఎలాగూ అప్పుడే దాని రుచి. వోల్నేను కారం తగ్గించిన నాటుకోడితో చూడవచ్చు. గది వేడిలోనే ఎర్ర వైన్ తాగాలన్న మాట మన వేసవికి చెల్లదు. అర్ధగంట ఫ్రిజ్‌లో ఉంచి 15, 16 డిగ్రీల దగ్గర పోయండి. తెల్లదాన్ని 10, 12 డిగ్రీల కంటే చల్లబరిస్తే వాసన మూసుకుపోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. భూతద్దంతో చూశాను: ఎర్ర సీసాపై మీరు చెప్పిన దొమేన్ మాట ఉన్నది, ‘వోల్నే’ కింద ‘ప్రీమియే క్రూ’ అనీ, ‘కాయెరే’ అనీ మరో రెండు మాటలు ఉన్నాయి. మొదటిది మేలైన తోటలకు ఇచ్చే హోదా అనీ, రెండోది ఆ ఊళ్లో ఒక చేని పేరేననీ, గులకరాళ్ల నుంచి వచ్చిందనీ అల్లుడుగారు ఫోన్‌లో చెప్పారు. మా పడమటి చేనును మేమూ రాళ్ల చేను అనే అంటాం, పట్టాదారు పుస్తకంలో మాత్రం సర్వే నంబరు తప్ప ఏమీ లేదు. ఆదివారం రొయ్యలతో షాబ్లీ తెరుస్తాను. వోల్నే సంక్రాంతికి అల్లుడుగారు వచ్చేదాకా ఫ్రిజ్ కింది అరలో పడుకుని ఉంటుంది.