బోరు నీటిలో గ్రాస్ ఆల్ఫా 0.3 వచ్చింది, ఏ పరిమితిని పాటించాలి?

ప్రశ్న (సఖినేటిపల్లి మండలం నుంచి):
కాలువలు కట్టేశాక మా మంచినీళ్ల చెరువు అడుగంటితే, తాగడానికి కూడా ఇసుక దిబ్బ మీది బోరే దిక్కు. అంతర్వేది తీరపు నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం, అందులో థోరియం అనే రేడియోధార్మిక మూలకం ఉంటాయని విని నీటిని పరీక్ష చేయించాము. లీటరుకు గ్రాస్ ఆల్ఫా (నీటిలోని మూలకాలన్నీ కలిసి వెలువరించే ఆల్ఫా కిరణాల మొత్తం) 0.3 బెక్వెరల్ (రేడియోధార్మికత కొలమానం), యురేనియం 8 మైక్రోగ్రాములు అని వచ్చింది. మన దేశ తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం ఆల్ఫా 0.1 దాటకూడదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 0.5 అంటోంది. ఒకే నీటికి రెండు హద్దులెందుకు? చంటిపిల్లలకు పట్టవచ్చా?

జవాబు 1:
ఆ సంస్థ కూడా 1993లో 0.1 అనే చెప్పి, 2004లో 0.5కు పెంచిందండి; మన ప్రమాణంలో పాత అంకె నిలిచిపోయింది, వేరే నీటి వనరు లేకపోయినా అందులో సడలింపు లేదు. రోజుకు 2 లీటర్ల చొప్పున ఏడాదంతా తాగినా నీటి ద్వారా ఒంటికి చేరే రేడియేషన్ మోతాదు 0.1 మిల్లీసీవర్టు (ఆ మోతాదు కొలమానం) మించరాదన్నది వారి మూల నియమం. దాని ప్రకారం, ఆల్ఫా కిరణాలిచ్చే రేడియం-226కు లీటరుకు సుమారు 0.5 బెక్వెరల్ వస్తే, దాన్ని 0.1, 1, 10 వంటి పదింతల మెట్లలో దగ్గరిదానికి సవరించి 1గా నిర్ణయించారు. కాబట్టి హద్దు దాటగానే నీరు విషమైపోదు, ఏ మూలకమో తేల్చుకోవలసిన అవసరం మాత్రం వస్తుంది. యురేనియం సంగతి వేరు: ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే 30 మైక్రోగ్రాములు మూత్రపిండాలకు జరిగే రసాయన హానిని చూసి పెట్టినది, మన అణుశక్తి నియంత్రణ మండలి చెప్పిన 60 రేడియేషన్‌ను లెక్కించి పెట్టినది.

జవాబు 2:
మీ అంకెలనే విడదీసి చూడండి. సహజ యురేనియం ఒక్కో మైక్రోగ్రాముకు సుమారు 0.025 బెక్వెరల్ ఆల్ఫా ఇస్తుంది కనుక 8కి 0.2 అవుతుంది, మిగిలిన 0.1 ఎక్కడిదో తేలాలి. అంతకంటే నన్ను కలవరపెడుతున్నది మీ రిపోర్టులో లేని రేడియం-228. థోరియం నీటిలో దాదాపు కరగదు గానీ, దాని నుంచి పుట్టే ఈ రేడియం కరుగుతుంది, ఉప్పు నీటిలో మరీ ఎక్కువగా. ఇది బీటా కిరణాలు వెలువరిస్తుంది కాబట్టి గ్రాస్ ఆల్ఫాలో కనబడదు, దీనికి మార్గదర్శక స్థాయి 0.1 బెక్వెరల్ మాత్రమే. రేడియం-226, 228 రెండింటినీ విడివిడిగా పరీక్షించమని ల్యాబ్‌ను అడగండి.

జవాబు 3:
ఆ స్థాయిలు పెద్దవాళ్ల లెక్కతో వేసినవి. ఎదిగే పిల్లల ఎముకలు రేడియంను ఎక్కువగా పట్టుకుంటాయి కనుక, ఫలితం వచ్చేదాకా వారికి, గర్భిణులకు చెరువు నీళ్లే దాచి వాడండి. మరిగిస్తే రేడియం పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. ఆర్వో ఫిల్టరు రేడియంను, యురేనియంను చాలావరకు తీసేస్తుంది, కానీ అందులోని వడపోత పొర (మెంబ్రేన్) పాతబడితే చెప్పలేం, అందువల్ల శుద్ధి చేసిన నీటిని కూడా పరీక్షకు పంపండి.