ఐదు డొమైన్లు, ఒక సర్వర్: మెయిల్ పేరు ఒకటే ఇయ్యాల్నా, ఎవలది వాళ్లకా?

పాలమూరు_రూట్:
సర్వర్ ఒకటి, ఐపీ ఒకటి. మెయిల్ పంపి, అందుకునేదానికి పోస్ట్‌ఫిక్స్, ఫోన్లకు మెయిల్ చూపెట్టేదానికి డవ్‌కాట్. మిర్యాలగూడ రైస్ మిల్లు, నల్లగొండ బడి, ఇంకో మూడు డొమైన్లు. అన్నిటికీ మెయిల్ సర్వర్ పేరు ఒకటే ఇయ్యాల్నా, ఏ డొమైన్‌కు ఆ పేరే ఇయ్యాల్నా?

మూసీ_మెయిల్:
ఒకటే, తమ్మీ. ఐపీ రివర్స్ డీఎన్ఎస్‌ల (ఐపీకి ఏ పేరో చెప్పే రికార్డు) ఏ పేరుందో పోస్ట్‌ఫిక్స్ సెట్టింగ్ మైహోస్ట్‌నేమ్‌ల గదే ఉండాలె, వేరే సర్వర్‌ను పలకరించే హెలోల అదే పోతది. ఐదు డొమైన్ల ఎంఎక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కు పోవాల్నో చెప్పే రికార్డు) దానికే చూపియ్యి. ఎంఎక్స్ పేరు, డొమైన్ పేరు కలవాలన్న రూలే లేదు.

దిండి_లాగ్స్:
బడి క్లర్కు ఫోన్ల ఐమ్యాప్ (సర్వర్ల మెయిల్ చదివే పద్ధతి) పెట్టుకునేటప్పుడు ఎవలదో పేరు కొట్టాల్నా? పోస్ట్‌ఫిక్స్ 3.4 నుంచి ఎస్ఎన్ఐ ఉన్నది, అంటే అడిగిన పేరును బట్టి ఆ పేరు సర్టిఫికెట్ చూపెడతది. డవ్‌కాట్‌ల పేరుకొకటి లోకల్_నేమ్ బ్లాకులు రాస్తే అయిపాయె.

మూసీ_మెయిల్:
అయిపోలె. ఏ పేరుకు ఏ సర్టిఫికెట్టో చెప్పే ఎస్ఎన్ఐ మ్యాపును పోస్ట్‌మ్యాప్ కమాండ్‌కు పెద్ద ఎఫ్ (-F) పెట్టి కట్టాలె. గప్పుడది ఫైలు పేరు కాదు, కీని, సర్టిఫికెట్‌నే లోపలికి మింగుతది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఫ్రీ సర్టిఫికెట్ రెన్యూ అయినా మ్యాపుల పాతదే. పాతదాని గడువు నిండినంక ఐదుగురూ ఫోన్ చేస్తరు.

దిండి_లాగ్స్:
రెన్యూ హుక్‌ల (రెన్యూ అయినంక దానంతటదే నడిచే స్క్రిప్టు) మ్యాపు మళ్లీ కట్టే ఒక్క లైను. దానికింత లొల్లా?

మూసీ_మెయిల్:
ఆ లైను మరిచేటోళ్లే ఎక్కువ. పైగా ఆ మ్యాపుల ప్రైవేట్ కీ ఉంటది, రూట్ తప్ప ఎవలూ చదవొద్దు. గది సుత చెప్పున్రి.

సాగర్_గేటు:
ఒకే డొమైన్‌ను పోస్ట్‌ఫిక్స్‌ల మైడెస్టినేషన్‌ల (సర్వర్ సొంత యూజర్ల డొమైన్లు), వర్చువల్ మెయిల్‌బాక్స్ డొమైన్లల (సర్వర్ల యూజర్ అకౌంట్ లేని మెయిల్‌బాక్సులవి) రెండుచోట్ల రాయకు. లోకల్ యూజర్ లేడని మెయిల్ తిప్పికొడతది.

కర్సర్_దేవరకొండ:
ఇద్దరూ వేరేవేరే ముచ్చట చెప్తున్నరు. ఒకలది సర్వర్ నుంచి సర్వర్‌కు మెయిల్ పోయే 25 పోర్టు, ఒకలది ఫోన్ల నుంచి మెయిల్ చదివే 993, పంపే 587. ఎంఎక్స్ ఒకటే పెట్టి ఫోన్లల ఎవల పేరు వాళ్లకు ఇయ్యొచ్చు.

దిండి_లాగ్స్:
మూసీ అన్నకు తెల్వదా అది? అందరి ఫోన్లల తన సర్వర్ పేరే ఉంటే, సర్వర్ మారాలంటే ఒక్కో ఫోన్ పట్టుకొని సెట్టింగ్ మార్చాలె. కస్టమర్ కదలడు. సొంత పేరైతే డీఎన్ఎస్‌ల ఒక్క రికార్డు మారిస్తే చాలు.

మూసీ_మెయిల్:
కదలకుంటే మంచిదే. ఏడాది బాకీ పెట్టి రాత్రికి రాత్రి డీఎన్ఎస్ మార్చుకొని పోయేటోళ్ల దగ్గర నువ్వు వసూలు చేసిస్తవా?

దిండి_లాగ్స్:
బాకీకి బిల్లుంటది, నోటీసుంటది. దానికి బడి మెయిల్ పట్టుకొని కూసుంటవా?

పాలమూరు_రూట్:
ఎంఎక్స్ ఒకటే, ఫోన్లకు సొంత పేర్లు పెడుతున్న. డీకిమ్ (మెయిల్ మీద డొమైన్ సంతకం) కీ డొమైన్‌కొకటి చేసిన. 2048 బిట్ల కీ డీఎన్ఎస్ టీఎక్స్‌టీ రికార్డుల పడ్తలేదు, ఎట్ల?

సాగర్_గేటు:
ఒక్క ముక్క 255 అక్షరాలు దాటొద్దు. రెండు ముక్కలు చేసి దేనికి దానికి కోట్స్ పెట్టు.

మూసీ_మెయిల్:
అడ్వాన్స్ తీసుకున్నవా లేదా, ముందు గది చెప్పు.