పెళ్ళయిన కూతురు పుట్టింటిలో తన వాటా వదులుకోవాలా?

తెనాలి ఆడపడుచు:
మా నాన్నగారు వీలునామా రాయకుండా నిరుడు కాలం చేశారు. ఆయన స్వార్జితంతో కట్టిన పెంకుటిల్లు తప్ప వేరే ఆస్తి ఏదీ లేదు. సంవత్సరీకాలు కాగానే మా తమ్ముడు ఒక చీర, పసుపు కుంకుమల కింద కొంత నగదు తెచ్చి, ఇంటిలో నా వాటా వదులుకుంటున్నట్టు విడుదల దస్తావేజు రాసి ఇమ్మని అడిగాడు. వాడు చెడ్డవాడు కాడు. అమ్మను కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. అయినా సంతకం పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు. ఇది దురాశ అవుతుందా? పెద్దలు చెప్పగలరు.

మెట్ట రైతు:
అమ్మా, నేను మీ తమ్ముడి స్థానంలో ఉన్నవాణ్ణి. మా చెల్లెలి పెళ్ళికి ఎకరం పొలం అమ్మాము. నాన్న పక్షవాతంతో మంచం పట్టిన నాలుగేళ్ళూ ఆయనను ఎత్తి కూర్చోబెట్టింది, ఒళ్ళు తుడిచింది నేనూ నా భార్యా. మూడు గదుల ఇంటిని గోడలు కట్టి పంచుకోలేము కనుక, వాటా అడగడమంటే చివరికి ఇల్లు అమ్మమని అడగడమే. అప్పుడు డెబ్బై ఏళ్ళు దాటిన తల్లి ఎక్కడ తల దాచుకుంటుంది?

గుంటూరు న్యాయవాది:
రైతు గారి ఆవేదన నిజమైనదే. అయితే ఆయన అడిగిన ప్రశ్ననే మన చట్టం చాలాకాలం కూతురికి వ్యతిరేకంగా వాడుకుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం, కుటుంబం నివసించే ఇంటిని మగ వారసులు తమలో తాము పంచుకోవడానికి సిద్ధపడేదాకా ఆడ వారసులు పంపకం కోరడానికి వీలులేదు. ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా పెళ్ళికాని కూతురికి, భర్త విడిచిపెట్టిన లేదా భర్త నుంచి విడిపోయిన కూతురికి, వితంతువైన కూతురికి మాత్రమే ఉండేది. అంటే పెళ్ళయిన ఆడపిల్లకు పుట్టింట్లో చోటు దొరకాలంటే ముందు ఆమె కాపురం కూలిపోవాలి. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన సవరణ ఆ సెక్షన్‌ను తొలగించింది. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్ళకు సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో అంతకు ముందే, 1986 సవరణతో వచ్చినా, అప్పటికే పెళ్ళయినవారిని అది పక్కన పెట్టింది.

తెనాలి వారి ఇల్లు స్వార్జితం, వీలునామా లేదు కాబట్టి తల్లికి, కొడుకుకు, కూతురికి సమాన వాటాలు వస్తాయి. పెళ్ళి ఖర్చును చట్టం అందులోంచి మినహాయించదు. విడుదల దస్తావేజు ఒకసారి రిజిస్టరయితే, మోసమో బలవంతమో నిరూపిస్తే తప్ప వెనక్కి తీసుకోవడం కష్టం.

పాలమూరు కోడలు:
నేను ఆ సంతకం పెట్టినదాన్ని. అన్న అడిగిన రోజున పెన్ను మూత కూడా వాడే తీసి ఇచ్చాడు, నేను చదవకుండానే రాశాను. ఆరేళ్ళ తరువాత ఒక రాత్రి, పెదవి చిట్లి, ఇద్దరు పిల్లలతో చివరి బస్సు దిగి ఆ ఇంటి తలుపు తట్టాను. అన్నావదినలు ఒక్క మాట అనలేదు, అన్నం పెట్టారు. కానీ నేను పెరిగిన గదిలో వాళ్ళ అబ్బాయి చదువుకుంటున్నాడు, నా ట్రంకు పెట్టె డాబా మీద తడిసి తుప్పుపట్టింది. మేము హాలులో చాప మీద పడుకున్నాము. పాలు కాచుకోవడానికి కూడా వదినను అడిగి పొయ్యి వెలిగించేదాన్ని. ఎవరైనా వస్తే చాప చుట్టి లేచి నిలబడేదాన్ని. ఇరవై రోజులకు, దెబ్బలు తప్పవని తెలిసి కూడా నా అంతట నేనే తిరిగి వెళ్ళిపోయాను. వాళ్ళు పొమ్మనలేదు. లోపలి నుంచి గొళ్ళెం పెట్టుకుని కంటినిండా నిద్రపోయే ఒక గది నాదని చెప్పుకోలేకపోవడమే నన్ను వెళ్ళగొట్టింది. నాకు ఆ ఇంటిలో రూపాయి వద్దు, ఈనాటికీ.

మెట్ట రైతు:
తల్లీ, మీ మాటలు చదివి మా చెల్లెలు పండక్కి వస్తే ఎక్కడ పడుకుంటుందో గుర్తు చేసుకున్నాను. హాలులోనే. తల్లి బతికుండగా ఇల్లు అమ్మకూడదన్న నా మాట మారదు. గది సంగతి మాత్రం నేనెన్నడూ ఆలోచించలేదు. దాన్ని కాగితం మీద పెట్టే మార్గం ఉందా?

గుంటూరు న్యాయవాది:
ఉంది. వాటాదారులందరూ కలిసి, తల్లి జీవితకాలం ఇల్లు అమ్మరాదని, ఫలానా గది ఫలానా హద్దులతో కూతురిదని, మిగతాది కొడుకు అనుభవించాలని రాసుకుని రిజిస్టరు చేయించుకోవచ్చు. అలాంటప్పుడు విడుదల దస్తావేజుతో పని లేదు.

తెనాలి ఆడపడుచు:
మా ఇంట్లో వీధి వైపు నాన్న వడ్ల బస్తాలు వేసుకున్న చిన్న గది ఉంది. దానికి వేరే తలుపు, పాత ఇనుప గొళ్ళెం ఉన్నాయి. ఆదివారం అమ్మ ఎదుటే తమ్ముణ్ణి ఆ గది అడుగుతాను. చీర తీసుకుంటాను, నగదు తిరిగి ఇచ్చేస్తాను.